వినికిడి లోపం, జన్యుశాస్త్రం: క్రిస్టీన్ పెతీ పరిశోధన

క్రిస్టీన్ పెతీ (జననం 1948) ఫ్రాన్స్‌కు చెందిన వైద్యురాలు, జన్యుశాస్త్రవేత్త. పుట్టుచెవుడుకు కారణమయ్యే జన్యువులను వెతికి పట్టుకోవడంలో ప్యారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె నడిపిన ప్రయోగశాలది మొదటి వరస. జబ్బుకు కారణం దొరికితే చాలామంది అక్కడితో పని అయిందనుకుంటారు. పెతీ అక్కడే మొదలుపెట్టారు. వినబడని కుటుంబాల డీఎన్‌ఏ ఆధారంగా, అసలు వినబడటం అనే పని చెవి లోపల ఏయే ప్రొటీన్ల వల్ల జరుగుతోందో ఒక్కొక్కటిగా రాబట్టారు. చెవి గురించి ఈనాటి పాఠ్యపుస్తకాల్లో ఉన్న ప్రొటీన్ల పేర్లలో చాలావాటికి మూలం ట్యునీసియా, లెబనాన్, ఇరాన్, పాకిస్తాన్, భారతదేశాలలోని బధిర కుటుంబాలే.

వెయ్యి మంది శిశువుల్లో ఒకరిద్దరు శాశ్వత వినికిడి లోపంతో పుడతారు. అంటురోగాలు, కాన్పు సమయంలో ఇబ్బందులు తగ్గిన దేశాల్లో వీరిలో సగానికి పైగా జన్యుకారణం కలవారే. ఆ సగంలో మళ్ళీ 70 శాతం మందికి చెవుడు తప్ప మరే లోపమూ ఉండదు. బిడ్డ చక్కగా ఎదుగుతుంది, ముఖం చూసి నవ్వుతుంది, తలుపు దడాలున పడినా ఉలిక్కిపడదు. తల్లిదండ్రులు ఇద్దరికీ బాగా వినబడుతుంది కాబట్టి ఇది వంశపారంపర్యం అంటే ఎవరూ నమ్మరు. వైద్యులు కూడా చాలాకాలం నమ్మలేదు.

చెవి లొంగని తీరు

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగం కర్ణావర్తం. దీన్నే కాక్లియా అంటారు. అందులో ధ్వనిని పట్టుకునే కణాలను రోమకణాలంటారు. పైకొసన సన్నని రోమాల కుచ్చు ఉంటుంది కాబట్టి ఆ పేరు. మనిషికి ఒక్కో చెవిలో లోపలి వరుస రోమకణాలు సుమారు 3,500, బయటి వరుసలవి సుమారు 12,000. అంతే. లోపలి వరుస కణాలు ధ్వనిని మెదడుకు చేరవేస్తాయి. బయటి వరుసలవి తామే కదులుతూ సన్నని ధ్వనిని పెంచి లోపలివాటికి అందిస్తాయి. చచ్చిపోయిన రోమకణం మనిషిలో తిరిగి పుట్టదు.

పక్కనే ఉన్న కంటితో పోల్చి చూస్తే ఈ అంకె ఎంత చిన్నదో అర్థమవుతుంది. ఒక్క రెటీనాలో కాంతిని గ్రహించే దండకణాలే దాదాపు 12 కోట్లు. జీవరసాయన శాస్త్రవేత్త ఒక ప్రొటీన్‌ను శుద్ధి చేయాలంటే ముందు చాలినంత కణజాలం ఉండాలి. కసాయి దుకాణం నుంచి ఎద్దుకళ్ళు తెచ్చుకుని చూపుకు మూలమైన ప్రొటీన్లను వేరుచేసిన రోజుల్లో, చెవి పరిశోధకుల దగ్గర అలా తెచ్చుకోవడానికి ఏమీ లేదు. దేహంలోకెల్లా గట్టి ఎముకల్లో ఒకదాని లోపల, గుప్పెడు కూడా లేని కణాలు. భౌతికశాస్త్రం తెలిసినవాళ్ళు మాత్రం చాలా దూరం వెళ్ళారు. రోమకుచ్చు ఒక పక్కకు వంగితే మైక్రోసెకన్ల లెక్కలో విద్యుత్ ప్రవాహం మొదలవుతుందని, అంటే మధ్యలో రసాయన చర్యల గొలుసేమీ లేకుండా ఒక కాలువ నేరుగా తెరుచుకుంటోందని జేమ్స్ హడ్స్‌పెత్, రాబర్ట్ ఫెటిప్లేస్ కొలిచి చూపారు. ఆ కాలువ ఏ ప్రొటీన్‌తో చేసిందో, దాన్ని లాగి తెరిచే దారం ఏమిటో చెప్పగలిగినవారు 1990 నాటికి ఎవరూ లేరు.

పెతీ తర్కం సూటిగా ఉంటుంది. ప్రొటీన్‌ను చెవిలోంచి తీయలేకపోతే, ఆ ప్రొటీన్ చెడిపోయిన మనిషి దగ్గరికి వెళ్ళాలి. జన్యువు రక్తపు బొట్టులో కూడా ఉంటుంది కదా. ఒక్క జన్యువు చెడటం వల్ల వినికిడి మొత్తం పోయిందంటే, ఆ జన్యువు చేసే పని వినికిడికి తప్పనిసరి అని ప్రకృతే తేల్చి చెప్పినట్టు.

లింగనిర్ధారణ నుంచి వాసన దాకా

ఆమె నేరుగా చెవి దగ్గరికి రాలేదు. వైద్యం చదివి, ఆపైన పాశ్చర్‌లో జన్యుపరిశోధనలో దిగారు. 1980లలో ఝాన్ వైసెన్‌బాక్‌తో కలిసి ఒక వింత సమస్య మీద పనిచేశారు. కొందరు పురుషుల కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోములే ఉంటాయి, వై ఉండదు. అయినా మగవారిగానే పుడతారు. తండ్రిలో వీర్యకణం తయారయ్యేటప్పుడు వై కొసముక్క ఒకటి ఎక్స్ మీదికి మారడమే చాలా కేసుల్లో దీనికి కారణమని వారి బృందం 1987లో నిరూపించింది.

తర్వాత ఆమె దృష్టి కాల్‌మన్ సిండ్రోమ్ మీదికి మళ్ళింది. ఇది ఉన్నవారికి వాసన తెలియదు, యుక్తవయసు మార్పులు రావు. ఈ రెండింటికీ ఏం సంబంధం? పిండదశలో యుక్తవయసు హార్మోన్లను నడిపించే నాడీకణాలు ముక్కు ప్రాంతంలో పుట్టి మెదడులోకి ప్రయాణిస్తాయి. వాసన నాడులు దారి తప్పితే ఇవీ గమ్యం చేరవు. 1991లో పెతీ బృందమూ, మరో బృందమూ విడివిడిగా ఎక్స్ క్రోమోజోమ్ మీద దీనికి కారణమైన జన్యువును పట్టుకున్నాయి. ఒక ఇంద్రియం గుట్టు ఒక జన్యువు చెప్పింది. ఇక చెవి వంతు.

పెళ్ళిళ్ళు వేసిన చిక్కు

చెవుడు వంశాల్లో నడుస్తుందన్న గమనిక పాతదే. టెలిఫోన్‌తో పేరు తెచ్చుకున్న అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1883లో అమెరికా నేషనల్ అకాడమీ ముందు ఒక పత్రం చదివాడు. బధిరులు బధిరులనే పెళ్ళాడుతూ పోతే మానవజాతిలో ఒక చెవిటి శాఖ తయారవుతుందని అందులో భయపడ్డాడు. ఆయన తల్లికీ భార్యకూ వినబడదు. పైగా ఆయన బధిరుల ఉపాధ్యాయుడు. అందువల్ల ఆ మాటకు బరువు వచ్చింది, బధిర సమాజం ఆ గాయాన్ని ఈనాటికీ మరవలేదు. 1898లో ఎడ్వర్డ్ ఫే వేల సంఖ్యలో బధిరుల వివాహాల లెక్కలు తీసి చూస్తే, ఆ దంపతుల పిల్లల్లో అత్యధికులకు మామూలుగానే వినబడుతోందని తేలింది. బెల్ తర్కంలో లోపం ఏమిటో జన్యుశాస్త్రం ఎదిగాక గానీ అర్థం కాలేదు. చెవుడు ఒక జబ్బు కాదు. భర్తకు ఒక జన్యువు వల్ల, భార్యకు మరో జన్యువు వల్ల వచ్చి ఉంటే బిడ్డకు రెండింటిలోనూ ఒక్కో మంచి ప్రతి అందుతుంది.

బెల్‌ను తప్పుదారి పట్టించిన ఆ సంగతే 1990ల మొదట్లో శాస్త్రవేత్తల కాళ్ళకు అడ్డుపడింది. ఐరోపా, అమెరికాల్లో బధిర పాఠశాలల్లో పరిచయమై పెళ్ళాడిన జంటలు ఎక్కువ. ఒకే కుటుంబంలో రెండు మూడు వేర్వేరు జన్యువుల చెవుడు కలగాపులగంగా ఉంటుంది. చెవిని పరీక్షిస్తే అందరిదీ ఒకేలా కనిపిస్తుంది. ఏ జన్యువు ఎవరికి వచ్చిందో విడదీయడం అసాధ్యం. అప్పటికి తేలింది కొద్దిగానే. 1992లో కోస్టారికాలోని ఒక పెద్ద కుటుంబంలో, పెరిగే వయసులో మొదలయ్యే బహిర్గత రకం (ఒక్క చెడిన ప్రతితోనే వచ్చే) చెవుడు జన్యువు 5వ క్రోమోజోమ్ మీద ఉన్నట్టు గుర్తించారు. ఆ జన్యువును 1997లో మేరీ-క్లెయిర్ కింగ్ బృందం పట్టుకుంది. పుట్టుచెవుడులో అతి సాధారణమైనది మాత్రం అంతర్గత రకం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా చెడిన ప్రతి వస్తేనే బయటపడేది. అందులో ఒక్క స్థానమూ తెలియదు.

పెతీ దీనికి దారి మధ్యధరా సముద్రానికి అవతలి ఒడ్డున వెతికారు. ట్యునీసియాలో తరతరాలుగా ఒకే ప్రాంతంలో, బంధువుల్లోనే సంబంధాలు కలుపుకుంటూ వచ్చిన కుటుంబాలున్నాయి. అక్కడి వైద్యులతో చేయి కలిపారు. మేనరికం అలవాటుగా ఉన్న తెలుగు పాఠకులకు ఈ తర్కం తేలిగ్గా అందుతుంది. బావా మరదళ్ళు పెళ్ళి చేసుకున్నారనుకుందాం. వారి ఉమ్మడి తాతలో ఒక చెడిన ప్రతి ఉంటే, అది రెండు దారుల్లో దిగి వచ్చి మునిమనవడిలో మళ్ళీ కలుసుకోవచ్చు. అలా కలిసినప్పుడు జన్యువు ఒక్కటే కాదు, దాని అటూ ఇటూ ఉన్న డీఎన్‌ఏ భాగం కూడా జంట క్రోమోజోములు రెండింటిమీదా అచ్చంగా ఒకేలా ఉంటుంది. కుటుంబంలో వినబడని పిల్లలందరిలోనూ ఏ చోట ఇలా రెండు ప్రతులూ ఒకటై ఉన్నాయో చూస్తే జన్యువు ఉన్న పేట తెలిసిపోతుంది. ఎరిక్ లాండర్, డేవిడ్ బోట్‌స్టీన్ 1987లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. దీనికి క్రోమోజోముల పొడుగునా గుర్తురాళ్ళు కావాలి. వాటి పటాన్ని వైసెన్‌బాకే 1992లో తయారుచేసి పెట్టాడు.

1994లో ఫలితం వచ్చింది. రెండు ట్యునీసియా కుటుంబాల చెవుడు 13వ క్రోమోజోమ్ మీద ఒక చోటికి చేరింది. దానికి డీఎఫ్‌ఎన్‌బీ1 అని పేరు పెట్టారు: 'డీఎఫ్‌ఎన్' చెవుడును, 'బీ' అంతర్గత రకాన్ని సూచిస్తాయి. అదే ఏడాది రెండోది 11వ క్రోమోజోమ్ మీద తేలింది. ఆ పత్రాల్లో మొదటి పేరు పారీ గిల్ఫోర్డ్ అనే న్యూజిలాండ్ యువకుడిది. అతను ఇంటికి తిరిగివెళ్ళి ఇదే విద్యను ఒక మావోరీ కుటుంబం మీద ప్రయోగించి, 1998లో వంశపారంపర్య జీర్ణాశయ క్యాన్సర్ జన్యువును కనుక్కున్నాడు.

ఒక్క అక్షరం లోపం

డీఎఫ్‌ఎన్‌బీ1 దగ్గర ఉన్న అసలు జన్యువు బయటపడిన తీరు తమాషాగా ఉంటుంది. దాన్ని పట్టుకుంది చెవి పరిశోధకులు కాదు, లండన్‌లో చర్మవ్యాధుల మీద పనిచేస్తున్న డేవిడ్ కెల్‌సెల్ బృందం. అరచేతులు, అరికాళ్ళ చర్మం మందంగా మారడంతోపాటు చెవుడు కూడా ఉన్న ఒక కుటుంబాన్ని చూస్తూ వాళ్ళు కనెక్సిన్ 26 అనే ప్రొటీన్ జన్యువు దగ్గరికి వచ్చారు. పాకిస్తాన్ మూలాలున్న కుటుంబాల్లో పుట్టుచెవుడుకు కూడా ఇదే కారణమని 1997లో ప్రకటించారు. ఆ జన్యువు పేరు జీజేబీ2.

అదే సంవత్సరం పెతీ బృందం, ఇటలీ-స్పెయిన్ బృందం చూపించినది అంతకన్నా పెద్ద సంగతి. ఐరోపా, మధ్యధరా ప్రాంతాల పుట్టుచెవుడులో ఈ ఒక్క జన్యువుదే సింహభాగం. అందులోనూ ఒకే ఒక్క మార్పు పదే పదే కనిపించింది. జన్యువులో వరుసగా ఆరు 'జి' అక్షరాలున్న చోట ఒక 'జి' రాలిపోవడం. 35 డెల్ జి అని పిలిచే ఈ మార్పును దక్షిణ ఐరోపాలో సుమారు 35 మందిలో ఒకరు మోస్తున్నారు. వారికి వినికిడి మామూలే. వందకు పైగా జన్యువులు దోషులయ్యే అవకాశమున్న జబ్బులో ఒక్కదానిదే ఇంత వాటా ఉండటంతో, చెవుడుకు జన్యుపరీక్ష అనేది ఆసుపత్రిలో చేయగలిగిన పని అయింది. తర్వాతి బిడ్డ గురించి అడిగే తల్లిదండ్రులకు 'నాలుగింట ఒక వంతు అవకాశం' అని అంకెతో సమాధానం చెప్పగలిగారు. కుటుంబం మీద పడిన అర్థంలేని నిందలు కొన్నయినా తొలగిపోయాయి. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందనో, ఏదో తినకూడనిది తిందనో మాట పడేది ఎక్కడైనా తల్లే కదా.

కనెక్సిన్ 26 రోమకణాల్లో ఉండదు. వాటి చుట్టూ ఉండి ఆసరా ఇచ్చే కణాల మధ్య సన్నని సొరంగాలు కడుతుంది. రోమకణాలకు అవసరమైన లవణాలు, పోషకాలు ఆ దారుల్లో నడుస్తాయి. ఎలుకల చెవిలో మాత్రమే ఈ ప్రొటీన్ లేకుండా చేసి పెతీ బృందం 2002లో చూసింది. వినికిడి మొదలయ్యే వయసులోనే ఆసరా కణాలు చనిపోసాగాయి, వాటి వెంట రోమకణాలూ పోయాయి.

భారతదేశంలో కథ కొంచెం వేరు. ఇక్కడ 35 డెల్ జి తక్కువ. జీజేబీ2లోనే 24వ స్థానంలో ప్రొటీన్ తయారీ అర్ధంతరంగా ఆగిపోయే డబ్ల్యూ24ఎక్స్ అనే మార్పుది పైచేయి. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో అనురంజన్ ఆనంద్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఇది ఎప్పుడో ఒక పూర్వీకుడి దగ్గర పుట్టి అతని సంతతి ద్వారా వ్యాపించింది. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యువ్యాధుల సంస్థ, బేగంపేటలోని తన ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో జీజేబీ2ను పరీక్షించినప్పుడు కూడా ఇదే మార్పు ముందు వరసలో నిలిచింది. ఇదే డబ్ల్యూ24ఎక్స్ స్లొవేకియాలోనూ స్పెయిన్‌లోనూ ఉన్న రోమా జాతి వారిలో కనిపిస్తుంది. వెయ్యేళ్ళ కిందట భారతదేశం వదిలి వెళ్ళినవారి వారసులు వాళ్ళు. భాష ద్వారా తెలిసిన వలసకు చెవి ఇచ్చిన సాక్ష్యం ఇది.

కన్నూ చెవీ కలిసే చోట

పెతీ పనిలో అన్నిటికన్నా లోతైన అధ్యాయం అషర్ సిండ్రోమ్. బ్రిటిష్ కంటివైద్యుడు చార్లెస్ అషర్ 20వ శతాబ్దం మొదట్లో దీన్ని వంశపారంపర్యమని స్థాపించాడు. మొదటి రకంలో బిడ్డ వినికిడి లేకుండా, శరీరం నిలదొక్కుకునే శక్తి లేకుండా పుడుతుంది, ఆలస్యంగా నడుస్తుంది. పదేళ్ళ ప్రాయంలో రేచీకటి మొదలై చూపు సన్నగిల్లుతుంది. సైగలతో లోకాన్ని అర్థం చేసుకున్న మనిషికి ఆ సైగలు కూడా కనబడని రోజు వస్తుంది.

1995లో పెతీ బృందం, స్టీవ్ బ్రౌన్, కేరెన్ స్టీల్ బ్రిటన్‌లో నడిపిన ఎలుకల పరిశోధనతో కలిసి, ఈ సిండ్రోమ్ మొదటి జన్యువును పట్టుకుంది. బ్రిటన్‌లో తల ఊపుతూ గుండ్రంగా తిరిగే చెవిటి ఎలుకల జాతి ఒకటి ఉండేది. ఆ ఎలుకల్లోనూ అషర్ రోగుల్లోనూ చెడింది ఒకటే: మయోసిన్ 7ఏ. ఇది కండరాల్లోని మయోసిన్‌కు దూరపు చుట్టం, కణంలో సరుకు మోసే, దారాలు లాగి పట్టే మోటారు ప్రొటీన్. ఆ తర్వాత వరుసగా తాళాలు తెరుచుకున్నాయి. 2000లో హార్మోనిన్, 2003లో సాన్స్ అనే ప్రొటీన్లు పెతీ ప్రయోగశాల నుంచి వచ్చాయి. కాడ్‌హెరిన్ 23, ప్రొటోకాడ్‌హెరిన్ 15 అనే మరో రెండు ఇతర బృందాల నుంచి 2001లో వచ్చాయి.

హార్మోనిన్ దొరికిన పద్ధతి చెప్పుకోదగ్గది. ఎలుక లోపలి చెవిలో పనిచేసే జన్యువుల జాబితా తీసి, అందులోంచి దేహంలో మిగతా చోట్ల కూడా పనిచేసేవాటిని కొట్టివేశారు. మిగిలినవి చెవికి ప్రత్యేకమైనవి. చెవుడు జన్యువు ఏ పేటలో ఉందో కుటుంబాలు చెబితే, ఆ పేటలో ఎవరుంటున్నారో ఈ జాబితా చెప్పింది. కణాలు తక్కువన్న శాపాన్ని ఆమె ఇలా తిప్పికొట్టారు.

అయిదు వేర్వేరు జన్యువులు, ఒకటే జబ్బు. ఆ అయిదు ప్రొటీన్లూ ఒకదానినొకటి పట్టుకుని రోమకుచ్చును ఒక్క కట్టుగా నిలుపుతాయని పెతీ బృందం చూపింది. ఏ ఒక్కటి లేకపోయినా పిండదశలోనే కుచ్చు చెదిరిపోతుంది. కాడ్‌హెరిన్ 23, ప్రొటోకాడ్‌హెరిన్ 15 కొసాకొసా కలిసి, పొట్టి రోమం చివరను పొడుగు రోమానికి కట్టే దారం అవుతాయని 2007లో అమెరికాలో తేలింది. భౌతికశాస్త్రవేత్తలు లెక్కల్లో ఊహించిన దారం అదే. కాలువ విషయంలోనూ దారి చూపింది కుటుంబాలే. 2002లో భారత, పాకిస్తాన్ కుటుంబాల్లో గుర్తించిన టీఎంసీ1 అనే జన్యువు ఆ కాలువలో ముఖ్యభాగాన్ని తయారుచేస్తుందని ఇప్పుడు అంగీకరిస్తున్నారు.

ఒక ముడి మాత్రం చాలా ఏళ్ళు విడలేదు. అషర్ జన్యువులు చెడిన ఎలుకలకు చెవుడు వస్తుంది గానీ చూపు పోదు. మనిషికెందుకు పోతుంది? 2012లో పెతీ బృందం కోతుల, మనుషుల రెటీనాలను చూసి జవాబు చెప్పింది. మన కాంతిగ్రాహక కణాల చుట్టూ దడి కట్టినట్టు సన్నని వేళ్ళలాంటి నిర్మాణాలు ఉంటాయి, అషర్ ప్రొటీన్లు ఉండేది వాటి దగ్గరే. ఎలుక కంటిలో అవి దాదాపు లేవు. లేనిదానికి చెడిపోయే భయం లేదు. ఎలుకను నమ్ముకుని ఏళ్ళ తరబడి కంటి మందులు వెతికినవారికి ఇది పెద్ద హెచ్చరిక.

ఒక్కో కుటుంబం, ఒక్కో పాఠం

2001లో వెలువడిన స్టీరియోసిలిన్ రోమాల పైకొసలను ఒకదానికొకటి కట్టే ప్రొటీన్. ఇది లేని ఎలుకల్లో తొలిరోజుల్లో ధ్వని గ్రహణం బాగానే ఉంటుంది. కానీ ఆరోగ్యకరమైన చెవి రెండు స్వరాలు ఒకేసారి విన్నప్పుడు తానుగా పుట్టించే మూడో స్వరం వీటిలో ఉండదు. ఆ మూడో స్వరం ఎక్కడ పుడుతుందన్న పాత వాదానికి 2008లో వచ్చిన ఈ ఫలితం రోమకుచ్చు వైపు వేలు చూపింది. సంగీతజ్ఞులకు ఎప్పటి నుంచో తెలిసిన స్వరం అది.

2006లో ఇరాన్ కుటుంబాల్లో దొరికిన పెజ్వాకిన్ సంగతి మరీ విచిత్రం. ఈ ప్రొటీన్ రోమకణాన్ని పెద్దధ్వని తెచ్చే రసాయన ఒత్తిడి నుంచి కాపాడుతుంది. అది లేని చెవికి మామూలు శబ్దాలు కూడా హాని చేస్తాయని 2015లో ఎలుకల్లో చూపారు. వినబడటం లేదని చెవిమిషన్ పెట్టి ధ్వని పెంచితే, అలాంటి రోగికి మేలుకు బదులు కీడు జరగవచ్చన్న ప్రశ్న అక్కడి నుంచి వచ్చింది. జన్యుపరీక్ష కారణం చెప్పి ఊరుకోదు, చికిత్సను కూడా మార్చగలదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

పురస్కారాల జాబితా పొడుగైనదే. 2004లో లోరియల్-యునెస్కో, 2006లో లూయీ-జాంతే, 2012లో కేరెన్ స్టీల్‌తో కలిసి బ్రెయిన్ ప్రైజ్, 2018లో హడ్స్‌పెత్, ఫెటిప్లేస్‌లతో కలిసి కావ్లీ బహుమతి. చివరిది సముచితంగా కుదిరింది. ఒకే యంత్రాన్ని ఇద్దరు కొలతలతోనూ ఒకరు కుటుంబాలతోనూ విప్పారు. 2002లో కొలేజ్ ద ఫ్రాన్స్‌లో చేపట్టిన ఆచార్య పదవి, 2020లో ప్యారిస్‌లో పాశ్చర్ సంస్థకు అనుబంధంగా తెరిచిన వినికిడి పరిశోధన సంస్థ వ్యవస్థాపక బాధ్యత కూడా ఆమెవే.

ఓటోఫెర్లిన్: జన్యువు నుంచి సూది దాకా

1996లో లెబనాన్ కుటుంబాల్లో ఒక చెవుడు స్థానం 2వ క్రోమోజోమ్ మీద తేలింది. 1999లో అక్కడ ఓటోఫెర్లిన్ అనే జన్యువు దొరికింది. లోపలి వరుస రోమకణం ధ్వనిని పట్టుకున్నాక, రసాయన సంచులను నాడి ముందు వదలాలి. ఓటోఫెర్లిన్ లేకపోతే ఆ సంచులు కదలవని పెతీ బృందం, జర్మనీలోని టోబియాస్ మోజర్‌తో కలిసి 2006లో నిరూపించింది. కణం బతికే ఉంది, రోమాలు సరిగానే ఉన్నాయి, నాడీ బాగానే ఉంది. మాట మాత్రం గడప దాటదు.

అందువల్లే ఈ చెవుడు శిశువుల పరీక్షల్లో దొరక్కుండా తప్పించుకుంటుంది. పుట్టిన బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ పరీక్ష బయటి వరుస కణాలు పలికే ప్రతిధ్వనిని మాత్రమే వింటుంది. ఈ బిడ్డలో అవి భేషుగ్గా పనిచేస్తాయి. 'పాస్' అని కాగితం చేతికిస్తారు. మెదడు దాకా సంకేతం చేరుతోందో లేదో చెప్పేది బెరా పరీక్ష. మాటలు రావాల్సిన వయసు దాటాక గానీ చాలామంది తల్లిదండ్రులు ఆ పరీక్షకు రారు.

అదే లక్షణం చికిత్సకు కలిసొచ్చింది. కట్టడం చెక్కుచెదరలేదు కాబట్టి లేని ప్రొటీన్ అందిస్తే చాలు. అడ్డంకి ఒక్కటే: జన్యువులను కణంలోకి మోసే ఏఏవీ అనే వైరస్‌లో సుమారు 4,700 అక్షరాలు పడతాయి, ఓటోఫెర్లిన్‌కు సుమారు 6,000 కావాలి. సగం సగంగా కోసి రెండు వైరస్‌లలో పెట్టి పంపి, కణం లోపల అతికేలా చేశారు. పెతీ, సాయిద్ సఫియెద్దీన్, అమెరికాలో లారెన్స్ లస్టిగ్ బృందాలు 2019లో వెల్లడించిన ఎలుకల ప్రయోగంలో, వినికిడి మొదలయ్యే వయసు దాటాక ఇచ్చినా ఫలితం కనిపించింది. జర్మనీ బృందం కూడా అదే ఏడాది ఇలాంటి ఫలితమే ప్రకటించింది.

మనుషుల్లో తొలి ఫలితాలు ప్రచురించినవాటిలో షాంఘైలోని ఫుదాన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి ఒకటి. షు యిలై, హార్వర్డ్‌కు చెందిన జెంగ్-యి చెన్ నాయకత్వంలో ఆరుగురు పిల్లలకు ఒక్కో చెవిలో మందు ఎక్కించారు. అయిదుగురికి వినికిడి వచ్చినట్టు 2024 జనవరిలో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అదే ఏడాది రెండు చెవులకూ ఇచ్చిన అయిదుగురు పిల్లల ఫలితాలు వెలువడ్డాయి. అమెరికాలో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఒక బాలుడికి పదకొండేళ్ళ వయసులో తొలిసారి శబ్దం వినబడింది. పాశ్చర్ పరిశోధన ఆధారంగా సెన్సోరియన్ అనే ఫ్రెంచ్ కంపెనీ తయారుచేసిన మందు పరీక్షలు కూడా 2024లో మొదలయ్యాయి.

ఉత్సాహం సహజమే గానీ హద్దులు కూడా చూడాలి. పుట్టుచెవుడు జన్యువుల్లో ఓటోఫెర్లిన్ వాటా చిన్నది. ఎక్కువమందికి కారణమైన జీజేబీ2లో కణాలే తొందరగా చనిపోతాయి కాబట్టి అక్కడ పని కష్టం. అషర్‌లో నష్టం తల్లి కడుపులోనే మొదలవుతుంది. నేటికీ చాలామంది పిల్లలకు అందుబాటులో ఉన్న మార్గం కాక్లియర్ ఇంప్లాంట్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ కింద పేద పిల్లలకు దీన్ని ఉచితంగా అమర్చడం పెద్ద అడుగు. నాడి చెడని జీజేబీ2, ఓటోఫెర్లిన్ పిల్లల్లో ఇది బాగా పనిచేస్తుంది. పెట్టే ముందే ఆ సంగతి జన్యుపరీక్ష చెప్పగలదు. ఇక సైగభాషనే మాతృభాషగా పెరిగిన బధిరుల్లో చాలామంది అసలు చెవుడును జబ్బు అనడాన్నే ఒప్పుకోరు. బెల్ పత్రం తర్వాత వారి అనుమానం అకారణం కాదు.

జమ్మూలోని దోడా జిల్లాలో ధడ్‌కాయీ అనే కొండగ్రామం ఉంది. తరతరాలుగా అక్కడి ఇళ్ళలో వినబడని పిల్లలు పుడుతున్నారు. ఊరంతటికీ ఒకటే కారణమై ఉంటుందని బయటివాళ్ళు అనుకున్నారు. అనురంజన్ ఆనంద్ బృందం, కాశ్మీర్ శాస్త్రవేత్తలతో కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఆ ఒక్క ఊళ్ళోనే ఓటోఫెర్లిన్, క్లాడిన్ 14, ఎస్‌ఎల్‌సీ26ఏ4 అనే మూడు జన్యువులు బయటపడ్డాయి. షాంఘైలో, ప్యారిస్‌లో పరీక్షిస్తున్న మందు ఆ ఊరికి చేరినా, ఏ ఇంటి బిడ్డకు పనికొస్తుందో చెప్పడానికి ముందు ఇంటింటి రక్తం పరీక్షించాల్సిందే.